దుమ్ములో ఛాయాచిత్రణ: పెద్దగట్టు నుంచి థార్ ఎడారి దాకా

గాలిలో లేచిన ధూళి, ఇసుక, పొట్టు మధ్య నిలబడి, వాటినే దృశ్యంలో భాగం చేసుకుంటూ ఫొటో తీయడం, తర్వాత కంప్యూటర్‌లో దాన్ని తీర్చిదిద్దడం ఛాయాచిత్రణలో ఒక ప్రత్యేక శాఖ. దీనికి లోకమంతటా పేరుపడ్డ దృశ్యం ఎడారి ఇసుక తుఫానులో సాగే ఒంటెల బారు. తెలుగునాట ఎడారి లేదు. ఒంటె అంటే ఇక్కడ పట్నంలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే జంతువే. అయినా ఈ పనికి కావలసిన సరుకంతా సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలో ఉంది: రెండేళ్లకోసారి లక్షల మంది తొక్కిడికి లేచే ఎర్రదుబ్బ, మందలు మందలుగా కదిలే జీవాలు, ఏటవాలుగా పడే మాఘమాసపు ఎండ.

2019 పశుగణన ప్రకారం దేశంలో ఒంటెలు దాదాపు 2.5 లక్షలు. 2012తో పోలిస్తే 37 శాతం తగ్గాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే ఉన్నాయి. ఆ రాష్ట్రం 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. అదే పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశానికి మొదటి స్థానం తెలంగాణది, దాదాపు 1.9 కోట్లు. థార్ ఫొటోగ్రాఫర్‌కు ఒంటె ఎలాగో నల్లగొండ, సూర్యాపేట ఫొటోగ్రాఫర్‌కు గొర్రె అలాగే.

పెద్దగట్టు

చివ్వెంల మండలం దురాజ్‌పల్లి గుట్టమీద జరిగే లింగమంతులస్వామి జాతరను పెద్దగట్టు జాతర అని, గొల్లగట్టు జాతర అని పిలుస్తారు. తెలంగాణలో మేడారం తర్వాత పెద్ద జాతరగా దీన్ని చెబుతారు. లింగమంతులస్వామి యాదవుల ఇలవేల్పు. ఆయన సోదరి చౌడమ్మ తల్లికీ ఇక్కడే పూజలు జరుగుతాయి. మాఘమాసంలో ఒక ఆదివారం మొదలై ఐదు రోజులు సాగుతుంది. 2023లో ఫిబ్రవరి 5 నుంచి 9 వరకు, 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 వరకు జరిగింది. కేసారం గ్రామం నుంచి దేవరపెట్టె (దేవతా విగ్రహాల పెట్టె) గట్టుకు రావడం, చంద్రపట్నం అనే ముగ్గు వేయడం, చివర్లో నెలవారం అనే ముగింపు తంతు ఈ జాతరలో ముఖ్యమైన ఘట్టాలు. గజ్జెల లాగులు తొడిగిన మగవాళ్లు, నెత్తిన గంపలు, బోనాలు ఎత్తుకున్న ఆడవాళ్లు, భేరీల మోత, ‘ఓ లింగా’ అనే కేక... వీటన్నిటినీ చుట్టుకుని మోకాలెత్తున మొదలై తల దాటిపోయే దుమ్ము.

గట్టు హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి పక్కనే ఉండటంతో జాతర రోజుల్లో వాహనాలను దారి మళ్లిస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చేవి నార్కట్‌పల్లి దగ్గర పక్కకు తిరిగి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరతాయి. కెమెరా సంచితో వచ్చేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోకపోతే సాయంత్రపు వెలుగు కాస్తా మిర్యాలగూడ రోడ్డుమీదే అయిపోతుంది.

ఇక్కడి నేలల్లో ఎక్కువ భాగం చెల్క. ఇసుకపాలు ఎక్కువగా ఉండే ఈ ఎర్రమట్టికి రంగు ఇనుము ఆక్సైడ్ల వల్ల వస్తుంది. వానాకాలం పోయి మూడు నాలుగు నెలలు గడిచేసరికి పైపొర ఎండి, కాలు పెడితే చాలు లేస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో దుమ్ముకు వేరే రంగులూ ఉన్నాయి. బియ్యం మిల్లులకు పేరుమోసిన మిర్యాలగూడలో వడ్ల పొట్టు దుమ్ము పసుపుపచ్చగా ఎండలో మెరుస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీలున్న హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు వెళ్తే బూడిదరంగు పొడి. దానికి సొంత వన్నె లేదు గనుక నలుపు తెలుపు చిత్రాలకే నప్పుతుంది. వరికోతల కాలంలో చీకటి పడ్డాక హార్వెస్టర్ లైట్ల ముందు లేచే దుమ్మును ఈ ప్రాంతపు ఫొటోగ్రాఫర్లు ఇంకా సరిగ్గా వాడుకోలేదనే చెప్పాలి.

ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారం వేరే జాతి. ఉరుముల మబ్బు నుంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి దిగి నేలమీద నలుదిక్కులా పరుచుకుంటుంది. దాని అంచున మట్టి గోడలా లేస్తుంది. కొద్ది నిమిషాలకే వాన అందుకుంటుంది, లేదా తేలిపోతుంది. ఎడారుల్లో ఇదే పద్ధతిలో వచ్చే పెద్ద తుఫానులకు అరబ్బీ నుంచి వచ్చిన ‘హబూబ్’ అనే పేరు వాడుకలో ఉంది. 2018 మే 2న రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో వచ్చిన దుమ్ము తుఫాను, దాని వెంట వచ్చిన పిడుగులు, గాలులు వందమందికి పైగా ప్రాణాలు తీశాయి. ఎంత మంచి దృశ్యమైనా పిడుగులు పడే వేళ చెట్టు కింద, ఒంటరిగా చెలకలో నిలబడి తీయదగ్గది కాదు.

ఇసుక వేరు, దుమ్ము వేరు

గాలికి కదిలే ఇసుక శాస్త్రాన్ని తొలిసారి పూర్తిగా వివరించింది బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్. ఈజిప్టు, లిబియా ఎడారుల్లో మోటారు వాహనాల్లో తిరిగి, తర్వాత ప్రయోగశాలలో గాలి సొరంగం కట్టి చూసి, 1941లో దానిపై పుస్తకం వేశాడు. ఆయన చూపిన సంగతి ఫొటోగ్రాఫర్‌కు నేరుగా పనికొస్తుంది. ఇసుక రేణువు గాలిలో తేలదు, గెంతుతుంది. నేలమీద పడి, మరో రేణువును తన్ని లేపుతుంది. ఈ గెంతులాటలో ఎక్కువ భాగం మోకాలి ఎత్తులోపే ముగుస్తుంది. సన్నటి ధూళి మాత్రం కిలోమీటర్ల ఎత్తుకు లేచి రోజుల తరబడి తేలుతుంది. దృష్టి వెయ్యి మీటర్ల లోపుకు పడిపోతేనే వాతావరణ శాస్త్రవేత్తలు దాన్ని దుమ్ము తుఫాను అంటారు.

అందుకే ఇసుకగాలిలో ఒంటె ఫొటో అంత బాగా కుదురుతుంది. భుజం దగ్గరే మనిషెత్తు ఉండే జంతువది. గెంతే ఇసుకలో కాళ్లు కరిగిపోతాయి, మెడ, మూపురం, తల మాత్రం పైన తేటగా నిలుస్తాయి. దగ్గరికి వెళ్తే ఇంకో వింత కనిపిస్తుంది: రెండు వరుసల పొడవాటి రెప్పవెంట్రుకలు, వాటి వెనక ఇసుకను తుడిచే పలుచని మూడో రెప్ప, గీతల్లా మూసుకున్న ముక్కుపుటాలు. మనిషి ముఖం చుట్టేసుకునే వేళ ఒంటె ముఖంలో తొందరే ఉండదు. పోర్ట్రెయిట్‌కు అంతకంటే ఏం కావాలి!

గొర్రె పొట్టిది. దుమ్ములో పూర్తిగా మునిగిపోతుంది. ఇక్కడ ఆదుకునేది రంగు. గొంగడికి ఉన్నినిచ్చే నల్లటి దక్కని గొర్రె లేత దుమ్ము మీద సిరాతో గీసినట్టు కనిపిస్తుంది. తెల్లటి నెల్లూరు జాతి గొర్రె అదే దుమ్ములో ఆనవాలు లేకుండా పోతుంది. తెల్ల మంద అయితే కాపరి తలపాగా, భుజం మీది కర్ర, ముందు నడిచే పొట్టేలు కొమ్ములే చిత్రానికి ఆధారం.

వెలుగు

దుమ్ము కణం మీద పడిన వెలుగు అన్ని దిక్కులకూ సమానంగా చెదరదు. కాంతి తరంగం కంటే పెద్దవైన కణాలు దాన్ని ఎక్కువగా ముందుకే, అంటే వెలుగు పోతున్న దిక్కుకే చిమ్ముతాయి. సూర్యుడు ఫొటోగ్రాఫర్ వెనక ఉంటే దుమ్ము మట్టిరంగు మురికిలా కనిపిస్తుంది. సూర్యుడు ఎదురుగా, గుంపు వెనక ఉంటే ఆ దుమ్మే బంగారు తెరలా వెలుగుతుంది. దుమ్ము ఫొటోలో సగం పని ఎటు తిరిగి నిలబడాలో తేల్చుకోవడమే. ఫిబ్రవరి మధ్యలో సూర్యాపేట దగ్గర పొద్దు ఆరుంపావు ప్రాంతంలో గుంకుతుంది. నాలుగున్నర తర్వాత పడమటి వైపు చూస్తూ, గట్టు నీడలో నుంచి ఎండలోకి వచ్చే గుంపుకు ఎదురుగా నిలబడాలి. జాతర లేని రోజుల్లో ఇదే పాఠాన్ని ఏ చెరువు కట్టమీదైనా గోధూళి వేళ నేర్చుకోవచ్చు.

కెమెరాను ఇంత వెలుగుతెర తికమక పెడుతుంది. మీటరు దాన్ని సగటు బూడిదరంగుగా మార్చబోయి చిత్రాన్ని నల్లబరుస్తుంది. మనుషుల ముఖాలు తెలియాలంటే ఎక్స్‌పోజరును అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా పెంచాలి. నీడబొమ్మలు చాలనుకుంటే తగ్గించాలి. తెల్లటి దుమ్ము ఒకసారి పూర్తిగా కాలిపోతే మళ్లీ తెచ్చుకోలేం గనుక హిస్టోగ్రామ్ కుడి అంచును కనిపెట్టి ఉండటం మంచిది. ఆటో వైట్ బ్యాలెన్స్ పెట్టారంటే ఎర్రదనమంతా ‘తప్పు’ అనుకుని కెమెరా కడిగేస్తుంది. పగటి వెలుగు సెట్టింగ్, అంటే 5,200 నుంచి 5,500 కెల్విన్, దగ్గర నిలిపేయాలి. కాంట్రాస్ట్ లేనిచోట ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉంటుంది. అప్పుడు ఒకే బిందువును ఎంచుకుని కొమ్ము అంచు మీదనో, తలపాగా అంచు మీదనో ఆనించాలి. రేణువులు గాలిలో నిలిచిపోయినట్టు కనిపించాలంటే షట్టరు వేగం సెకనులో వెయ్యోవంతు కావాలి. అరవయ్యోవంతుకు దిగితే గజ్జెల లాగుల చిందు గీతలు గీతలుగా సాగుతుంది. ఈ రెండోదే జాతరకు న్యాయం చేస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఫ్లాష్ దండగ. కెమెరా దగ్గర తేలే ధూళి మీద పడి తెల్లటి చుక్కలుగా తిరిగొస్తుంది. సెల్‌ఫోన్‌తో తీసేవాళ్లు, జాతరలో నూటికి తొంభైమంది వాళ్లే కదా, ఆటో హెచ్‌డీఆర్ ఆపి, ప్రో మోడ్‌లో రా ఫైల్ తీసుకుంటే చాలా మెరుగు.

కెమెరాను కాపాడుకోవడం

ఇసుకలో ప్రధాన ఖనిజం క్వార్ట్జ్. గట్టిదనపు కొలత అయిన మోస్ స్కేలు మీద అది 7. మామూలు గాజు అంతకంటే మెత్తన. లెన్స్ మీద దుమ్ము పడగానే చొక్కా కొసతో తుడిస్తే దాని పూత మీద గరుకుకాగితం రుద్దినట్టే. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి (నోటితో ఊదితే తడి చేరుతుంది), తర్వాత మెత్తటి బ్రష్, ఆఖరున మాత్రమే మైక్రోఫైబర్ గుడ్డ. జూమ్ లెన్స్ చాచి ముడిచినప్పుడల్లా లోపలికి గాలి పీల్చుకుంటుంది, గాలితో పాటు ధూళినీ. గుంపులోకి వెళ్లకముందే ఏ లెన్స్ వాడాలో తేల్చుకుని, బయటికి వచ్చేదాకా దాన్ని విప్పకూడదు. ముందు ఒక సాదా ఫిల్టరు, కెమెరాకు ప్లాస్టిక్ కవరు, రెండు రబ్బరు బ్యాండ్లు ఉంటే ఖరీదైన తొడుగు లేకపోయినా పని జరుగుతుంది.

సెన్సర్ మీద వాలిన మచ్చలు ఎఫ్/16 వంటి చిన్న ద్వారం దగ్గర నల్లటి చుక్కలుగా బయటపడతాయి. ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గర అంతగా కనిపించవు.

గాజు పలకల కాలంలో దీనికి పదింతలు తిప్పలు ఉండేవి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844-1905) ఈ వృత్తిలో దిగిన 1870లలో తడి కొలోడియన్ పద్ధతే నడుస్తోంది. బంకగా ఉన్న పలక మీద ధూళి కణం పడితే అక్కడే అతుక్కుని మచ్చ అయ్యేది. ఆరిన పలకలు వచ్చాక ఆ బెడద తగ్గింది. స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో, ప్రింటు మీద కుంచెతో మచ్చలు పూడ్చే పనివాళ్లు ప్రత్యేకంగా ఉండేవారు. ఇప్పటి ‘హీలింగ్’ టూల్ చేసేది వాళ్ల పనే.

తీర్చిదిద్దడం

రా ఫైల్ ఎందుకంటే, దుమ్ములో తీసిన చిత్రంలో టోన్లన్నీ మధ్యలో ఇరుక్కుని ఉంటాయి. వాటిని అటూ ఇటూ సాగదీయాలి. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, సాగదీస్తే ఆకాశం పట్టీలు పట్టీలుగా చీలుతుంది. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 మెట్లు.

మసకకు గణితం 1924లో జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ కోష్మీడర్ ఇచ్చాడు. దూరం పెరిగేకొద్దీ వస్తువు సొంత వెలుగు తగ్గుతుంది, మధ్యనున్న గాలి వెలుగు పెరుగుతుంది. కంటికి చేరేది ఈ రెండింటి కలయిక. గాలి వాటా ఎంతో కనిపెట్టి తీసివేస్తే మసక పోతుంది. ఎలా కనిపెట్టడం? పరిశోధకులు కైమింగ్ హ, జియాన్ సున్, షియావూ టాంగ్ 2009లో చూపిన పద్ధతి తేలిక: మసక లేని ఆరుబయటి చిత్రంలో ఆకాశాన్ని మినహాయిస్తే దాదాపు ప్రతి చిన్న ముక్కలోనూ ఎరుపు, పచ్చ, నీలాల్లో ఏదో ఒకటి సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఉండవలసిన ఆ నలుపు లేదంటే అక్కడ చేరిందంతా మసకే. 2015లో ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లోకి ‘డీహేజ్’ మీట వచ్చాక ఇలాంటి దిద్దుబాటు అందరికీ అందింది.

చెల్క దుమ్ము దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఎర్రదుమ్ము నీలాన్ని ముందే మింగేస్తుంది కాబట్టి నీలం ఎలాగూ సున్నా దగ్గరే ఉంటుంది. మసక లేదని పద్ధతి పొరబడుతుంది. రంగును సవరించి మళ్లీ ప్రయత్నిస్తే నీడల్లో నీలిఛాయ తేలుతుంది. అందుకని డీహేజ్‌ను మొత్తం చిత్రానికి గుంజడం కంటే, మాస్క్ వేసి దగ్గరి మనిషి మీద, ముందున్న గొర్రెల మీద కొద్దిగా పెంచి, వెనకనున్న గుంపును మసకగానే వదిలేయడం మేలు. ముందు తేటగా, వెనక మసకగా ఉంటేనే చిత్రానికి లోతు. నలుపు బిందువును కాస్త దించితే చాలు, సగం ఫొటోలకు డీహేజ్ అవసరమే రాదు. షార్ప్‌నెస్ మాత్రం పొదుపుగా వాడాలి. లేకపోతే ప్రతి రేణువూ నాయిస్‌లా పైకి లేస్తుంది.

సెన్సర్ మీది మచ్చను చెరపవచ్చు, అది దృశ్యంలో లేదు. గాలిలోని రేణువును చెరపకూడదు, అది ఉంది. గీత ఇక్కడే.

గీత దాటినవాళ్లు

ఆ గీత మీద అందరికంటే ఎక్కువ గొడవ పడిందీ ఒంటెల ఫొటో వల్లే. 1982 ఫిబ్రవరి సంచిక ముఖచిత్రంగా నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక గీజా పిరమిడ్ల ముందు ఒంటెల మీద సాగే మనుషుల చిత్రం వేసింది. గోర్డన్ గహాన్ తీసిన అసలు ఫొటో అడ్డంగా ఉంది. నిలువు అట్టకు సరిపోవడానికి కంప్యూటర్ సాయంతో ఒక పిరమిడ్‌ను మరోదానికి దగ్గరగా జరిపారు. ఫొటోగ్రాఫర్ కాస్త పక్కకు జరిగి తీస్తే వచ్చేదే కదా అని సంపాదకుడు సమర్థించుకున్నాడు. పాఠకులు ఒప్పుకోలేదు. డిజిటల్ మార్పుల మీద చర్చ వచ్చిన ప్రతిచోటా నేటికీ మొదట ఉదహరించేది ఈ అట్టనే.

మీట నొక్కకముందు జరిగే దిద్దుబాటు ఇంకా పాతది. 1936 ఏప్రిల్‌లో అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రం సిమరాన్ కౌంటీలో ఆర్థర్ రోత్‌స్టీన్ ఒక ఫొటో తీశాడు. ఒక రైతు, ఇద్దరు కొడుకులు దుమ్ముగాలికి తలలు వంచుకుని కొట్టం వైపు నడుస్తుంటారు. అమెరికాను కుంగదీసిన ఆనాటి దుమ్ము తుఫానులకు అది ముఖమైపోయింది. చిన్నపిల్లవాణ్ని కాస్త వెనకబడి ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోమన్నదీ, తండ్రిని ముందుకు వంగమన్నదీ తానేనని రోత్‌స్టీన్ తర్వాత రాశాడు. అదే ఏడాది ఎండిన నేలమీది ఎద్దు పుర్రెను కొన్ని అడుగులు జరిపి తీసినందుకు పత్రికల్లో తిట్లు తిన్నాడు. కరవు నిజం, దుమ్ము నిజం, పేదరికం నిజం. జరిపిన పుర్రె మాత్రం ఆ నిజాలన్నిటినీ శంకించేవాళ్ల చేతికి ఆయుధం ఇచ్చింది.

స్టీవ్ మెకర్రీ 1983లో రాజస్థాన్‌లో దుమ్ము తుఫానుకు వెన్నిచ్చి ఒకచోట గుమిగూడిన ఎర్రచీరల ఆడవాళ్లను తీశాడు. దుమ్ము ఫొటోల్లో దాన్ని మించింది అరుదు. ఆకాశం లేదు, దిగంతం లేదు, నారింజరంగు గాలిలో ఒక ఎర్రటి ముద్ద. అలాంటి చిత్రకారుడి మీదా 2016లో వేరే ఫొటోలను ఫొటోషాప్‌లో మార్చారన్న ఆరోపణ రుజువులతో సహా వచ్చింది. ఇప్పుడు తాను పత్రికా ఫొటోగ్రాఫర్‌ను కాదనీ, దృశ్యాలతో కథ చెప్పేవాణ్ననీ ఆయన సర్దిచెప్పుకున్నాడు.

మార్పు చేయకుండానే కన్నును మోసగించే దారీ ఉంది. ఒమాన్ ఎడారిలో మోటారు పారాగ్లైడర్ నుంచి నిట్టనిలువుగా కిందికి చూస్తూ జార్జ్ స్టైన్‌మెట్జ్ తీసిన ఒంటెల చిత్రంలో నల్లగా, స్పష్టంగా కనిపించేవి ఒంటెలు కావు, వాటి నీడలు. కాళ్ల దగ్గరి సన్నటి లేతగీతలే అసలు ఒంటెలు.

వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ 2015లో చివరికి ముందు దశకు చేరిన చిత్రాలను అసలు ఫైళ్లతో పోల్చి చూసి అయిదింట ఒక వంతును పక్కన పెట్టింది. అసలు రా ఫైల్ చూపమని అడగడం ఇప్పుడు పేరున్న పత్రికల్లో, పోటీల్లో మామూలైపోయింది. జాతర అయినా గాలిదుమారం అయినా, తీసిన రా ఫైళ్లను మార్చకుండా, తీసిన తేదీతో సహా రెండు చోట్ల దాచుకోండి. దిద్దిన ప్రతిని వేరే పేరుతో భద్రపరచండి.